నోయెల్ గారికి మేము చేసిన సన్మానం

నేను ఒక పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, మెడలో దండ వేసి, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రాణంగా చేసుకుంటున్న పని నుంచి పాతిక నిమిషాల్లో ఊడబెరికాను. అదీ ఆయన మీద ప్రేమతో. ఇది ఎలా జరిగిందో చెబుతాను. నవ్వు వస్తే నవ్వండి, మొహమాటపడకండి. నేనూ ఈ సంగతి చాలా ఇళ్ళలో నవ్విస్తూనే చెప్పాను. చెప్పి ఇంటికొచ్చాక మాత్రం నాకు అన్నం సహించదు.

ఆరేళ్ళ కిందటి మాట. అప్పుడు ఈ పరాయి దేశంలో, షానన్ అనే ఊళ్ళో ఉద్యోగం, దగ్గర్లోని ఎన్నిస్‌లో అద్దె ఇల్లు, వయసు ముప్ఫై నాలుగు. వీటన్నిటికీ మించి నేను తెలుగు సంఘం కార్యదర్శిని. నలభై కుటుంబాల సంఘం అది. సగం మంది ఆసుపత్రి డాక్టర్లు, సగం మంది నాలాంటి కంప్యూటర్ వాళ్ళు. ఆ కార్యదర్శి పదవికి జీతం లేదు, అధికారం లేదు, కుర్చీలు మోసే బాధ్యత మాత్రం ఉంది. అయినా ఆ రోజుల్లో నా నడకే వేరుగా ఉండేదని మా ఆవిడ మాధవి ఇప్పటికీ అంటుంది.

సంఘం పెట్టడం తేలికే, హాలు దొరకడమే కష్టం. ఒక హాలు వాళ్ళు మన తిరగమోత వాసన మూడు రోజులైనా పోలేదన్నారు. ఇంకో హాలు వాళ్ళు సాయంత్రం ఆరింటికల్లా ఖాళీ చేయమన్నారు. ఆరింటికి మన కార్యక్రమం జ్యోతి ప్రజ్వలన దగ్గర ఉంటుంది. ఇలా తిరిగి తిరిగి, ఎవరో చెబితే, ఊరి బయట ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకి వెళ్ళాను. అక్కడ దొరికారు నోయెల్ గారు.

ఫుట్‌బాల్ క్లబ్బు అనగానే స్టేడియం ఊహించుకోకండి. టీవీలో వచ్చే లీగులకూ దీనికీ దూరపు చుట్టరికం కూడా లేదు. ఒకవైపు ఆవులు మేసే పొలం, ఇంకోవైపు షానన్ వెళ్ళే రోడ్డు. బంతిని గట్టిగా తంతే ఆవుల్లో పడుతుంది, మరీ గట్టిగా తంతే లారీల్లో పడుతుంది. ఒక రేకుల షెడ్డు ఉంది, దాని కింద నలభై మంది ఒకరినొకరు ఒరుసుకుని నిలబడవచ్చు, దాన్ని స్టాండ్ అంటారు. రెండు పాత కంటైనర్లు ఉన్నాయి, అవి ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదులు. ఆటగాళ్ళంటే ఒక ప్లంబరు, ఇద్దరు బడి పంతుళ్ళు, ఒక పోస్ట్‌మాన్, మిగతా వాళ్ళూ ఆ బాపతే. వీటన్నిటి వెనక ఒక క్లబ్‌హౌస్, అందులో వంటింటితో సహా ఒక మంచి హాలు.

నోయెల్ గారికి అప్పుడు డెబ్బై మూడేళ్ళు. ఆ క్లబ్బుకి చైర్మన్. మన వైపు చైర్మన్ అంటే కారు తలుపు కూడా ఇంకొకరు తీయాలి. ఈయన ఆదివారం పదకొండు గంటల మ్యాచ్‌కి ఉదయం ఏడింటికే వచ్చి, తోపుడు మిషన్‌తో తెల్ల గీతలు గీసి, గోలుపోస్టులకి వలలు కట్టి, కంచె దాటొచ్చిన ఆవుని పేరు పెట్టి పిలిచి పంపించి, టీ కాచి, రిఫరీ కోసం బిస్కెట్లు వేరే ప్లేటులో దాచేవారు. ఆయన మాటలు మీకు మన తెలుగులో చెబుతున్నాను. అసలు ఆ క్లేర్ జిల్లా ఇంగ్లీషు యాస అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

"హాల్లో మందు తాగుతారా?" అని అడిగారు మొదటి రోజు.

"లేదు సార్. తింటాం."

"నన్ను సార్ అనకు. కారు ఆపినప్పుడు పోలీసు గార్డులు తప్ప నన్నెవరూ అలా పిలవరు. ఏం తింటారు?"

"పులిహోర, గారెలు, పప్పు, కూరలు, బిరియానీ, స్వీటు."

"అన్నీ ఒకే రోజా?"

"ఒకే పూట సార్."

"గ్రాండ్. తీసుకోండి," అన్నారు. అక్కడ సరే అన్నా, బాగున్నానన్నా అదే గ్రాండ్.

అంతే, కాగితం లేదు, సంతకం లేదు. అప్పటి నుంచి మూడేళ్ళు మా ఉగాదులూ దసరాలూ అక్కడే జరిగాయి. నేను హాలు తాళం తీసుకోవడానికి వెళ్ళి, మెల్లగా ప్రతి ఆదివారం మ్యాచ్‌కే వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. ఫుట్‌బాల్ నాకు బొత్తిగా తెలియదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆయన టీ కప్పులు పేర్చి మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ అర్థమైనట్టు తలూపాను. ఆయన భార్య పోయి నాలుగేళ్ళయింది. పిల్లలు ఎక్కడో దూరాన ఉన్నారు. "ఆదివారం ఒక్కటి లేకపోతే మిగతా ఆరు రోజులూ దేనికయ్యా?" అని ఒకసారి వల ముడి వేస్తూ అన్నారు. ఆ దేశంలో నాకు పేరు పెట్టి చెప్పుకోదగ్గ స్నేహితుడు ఆయన ఒక్కరే. మిగతా వాళ్ళంతా వాతావరణం గురించి మాట్లాడే పరిచయస్తులు.

ఇక డెక్లన్ గురించి. అతను క్లబ్ సెక్రటరీ, నలభై ఏళ్ళవాడు, ఇళ్ళు అమ్మిపెట్టే పని. మా హాలుని, అంటే వాళ్ళ హాలుని, జిమ్ చేయాలని అతని కోరిక. నోయెల్ గారు సాగనివ్వడం లేదు. నవంబరు చివర్లో క్లబ్ వార్షిక సమావేశం, అక్కడ చైర్మన్ ఎన్నిక. ఈసారి డెక్లన్ తనే నిలబడుతున్నాడు.

"గెలుస్తారా సార్?" అని అడిగాను కంగారుగా.

"మూడేళ్ళ నుంచి నా వెనక పడుతూనే ఉన్నాడు. నాలుగైదు ఓట్లతో గట్టెక్కుతాను. ఏం కాదు, గ్రాండ్," అన్నారు నోయెల్ గారు, బిస్కెట్ల ప్లేటు మీద మూత పెడుతూ.

నాలుగైదు ఓట్లంటే నాకు నిద్ర పట్టలేదు. ఆయన ఓడితే ఆయనకి ఆదివారం పోతుంది, మాకు హాలు పోతుంది. అప్పుడు నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. నా బుర్ర పనిచేసిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి విరిగిందని మాధవి అంటుంది గానీ, ఈసారి విరిగింది మా ఇంట్లోది కాదు.

మీరే ఆలోచించండి. మన దగ్గర ఒక నాయకుడి కుర్చీ కదులుతోందంటే అనుచరులు ఏం చేస్తారు? సన్మానం చేస్తారు. నిలువెత్తు దండ, శాలువా, సన్మాన పత్రం, నాలుగు ప్రసంగాలు. అది చూసి ఎదుటి పక్షానికి గుండె జారుతుంది, ఊగేవాళ్ళు ఇటు వచ్చి కూర్చుంటారు, కుర్చీ బిగుసుకుంటుంది. చిన్నప్పటి నుంచి ఇదే చూశాను. మా గుంటూరులో ఒకాయనకి ఏడాదికి ఆరు సన్మానాలు జరిగేవి, ఆయన ఏ పదవీ వదల్లేదు. కాబట్టి మ్యాచ్ రోజున, విరామ సమయంలో, ఓటున్న సభ్యులంతా చూస్తుండగా, మైదానం నడిమధ్యలో నోయెల్ గారికి ఘన సన్మానం. నాకు నేనే ముచ్చటపడ్డాను.

సంఘం అధ్యక్షుడు డాక్టర్ రాజిరెడ్డి గారికి చెప్పాను. ఆయనది కరీంనగర్. ఎముకల డాక్టరు, మైకు దొరికితే వదలరు.

"మంచి ముచ్చట జెప్పినవ్ ప్రసాదూ. ఎలక్షన్ల ముంగట మా కాడ గూడ గిట్లనే జేస్తరు," అన్నారు. "శాలువ ఉన్నదా?"

"మా ఇంట్లో మూడున్నాయండీ."

"జ్ఞాపిక ఏమిద్దాం మరి?"

"సంఘం సామాన్లలో గోడ గడియారం ఒకటి ఉంది."

"గంతే, గడియారమియ్యి. మంచిగుంటది. పత్రం నువ్వు రాయి, స్పీచ్ నేను జూసుకుంట."

గడియారం సంగతి ఒక్క నిమిషం గుర్తుపెట్టుకోండి. మనకి అది ఎవరికైనా ఇచ్చే వస్తువు. గృహప్రవేశానికి ఇస్తాం, పెళ్ళికి ఇస్తాం. ఒకే ఇంట్లో పదకొండు గడియారాలు చూశాను, ఒక్కటీ ఆడడం లేదు. ఆ దేశంలో మనిషికి నలుగురిలో గడియారం చేతికిచ్చారంటే ఇక రిటైరై ఇంట్లో కూర్చోమని ఒకటే అర్థం అని నాకప్పుడు తెలియదు. తెలుసుకోవడానికి ఎవరినీ అడగలేదు కూడా.

మాధవి అడగమంది. అన్నం వడ్డిస్తూనే అంది. "ఏవండీ, ఆయన్ని ముందొక మాట అడిగితే పోలా?"

"అడిగితే వద్దంటారు. పెద్దవాళ్ళు వద్దనే అంటారు, మనం చేయాలి."

"పోనీ వాళ్ళల్లో ఇంకెవర్నన్నా అడగండి."

అడిగాను. ఎవరిని అడిగానో చెబితే మీరు నన్ను క్షమించరు. మైదానంలో కార్యక్రమం కాబట్టి సెక్రటరీ అనుమతి కావాలని, నేరుగా వెళ్ళి డెక్లన్‌ని అడిగాను.

డెక్లన్ నా మాట పూర్తిగా విన్నాడు. తర్వాత, "కుర్చీ ఉంటుందా?" అన్నాడు.

"ఉంటుంది. మా ఆడపిల్లల ఓణీల ఫంక్షన్లకి వాడే కుర్చీ. బంగారు రంగు, సింహాసనంలా ఉంటుంది."

"బాగుంది. ప్రసంగాలు?"

"ఉంటాయి. డాక్టరు గారు మాట్లాడతారు."

"ఆయన ఎన్నేళ్ళు చైర్మన్‌గా చేశాడో చెబుతారా?"

"చెబుతాం. ముప్ఫై ఒకటి."

"గట్టిగా చెప్పండి," అన్నాడు డెక్లన్. "రెండుసార్లు చెప్పినా ఫరవాలేదు. జ్ఞాపిక ఏమిటి?"

"గోడ గడియారం."

డెక్లన్ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. అతని కళ్ళు నిజంగానే చెమర్చాయి. సభ్యులందరూ తప్పకుండా వచ్చేలా తనే మెసేజ్ పెడతానన్నాడు. రెండు జట్లనీ రెండు వరసల్లో నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తానన్నాడు. ఇంటికొచ్చి మాధవితో, "చూశావా, శత్రువు కూడా కరిగిపోయాడు," అన్నాను. ఆమె నా వైపు ఒక చూపు చూసి చామంతులు గుచ్చుకుంటూ కూర్చుంది.

ఆ ఆదివారం సన్నగా జల్లు పడుతోంది. మామూలుగా అరవై మంది వచ్చే మ్యాచ్‌కి నూటయాభై మంది వచ్చారు. "ఏమిటివాళ ఇంత జనం?" అని నోయెల్ గారు సంబరపడిపోయి ఇంకో కెటిల్ పొయ్యి మీద పెట్టారు. మొదటి సగంలో మన పోస్ట్‌మాన్ తలతో ఒక గోల్ కొట్టాడు. రిఫరీ విరామం ఈల వేయగానే నేనూ ఇంకో ఇద్దరూ బంగారు కుర్చీ మోసుకుంటూ బురదలో మైదానం మధ్యకి పరిగెత్తాం. డాక్టరు గారు మైకు పట్టుకున్నారు. ఆటగాళ్ళు గదుల్లోకి పోబోతుంటే డెక్లన్ ఆపి వరసల్లో నిలబెట్టాడు.

నోయెల్ గారు అప్పుడు ఒక చేత్తో టీ కెటిల్, ఇంకో చేత్తో రిఫరీ బిస్కెట్లు పట్టుకుని ఉన్నారు. రెండూ లాక్కుని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

"ఏమిటయ్యా ఇది? ఎవరికన్నా దెబ్బ తగిలిందా?" అన్నారాయన.

"లేదు సార్. మీరు కూర్చోండి."

కూర్చున్నారు. శాలువా కప్పాం. ఆయన బక్కమనిషి. మాధవి గుచ్చిన దండ మోకాళ్ళ కింద దాకా వచ్చింది. డాక్టరు గారు ఇంగ్లీషులో మొదలుపెట్టారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు అన్నది రెండుసార్లు కాదు, తొమ్మిదిసార్లు చెప్పారు. ఎముకలకీ క్లబ్బులకీ ఉన్న పోలికల గురించి ఒక ఐదు నిమిషాలు మాట్లాడారు. రిఫరీ గడియారం చూసుకున్నాడు. తర్వాత నేను పత్రం చదివాను. "ఈ క్లబ్బుకి మీరు చేసిన సేవలు చిరస్మరణీయం. మీ స్థానాన్ని భర్తీ చేయడం ఎవరి తరమూ కాదు. ఆయురారోగ్యాలతో, మనశ్శాంతితో నూరేళ్ళు వర్ధిల్లాలని ప్రార్థిస్తున్నాం." మన దగ్గర నలభై ఏళ్ళ కార్పొరేటర్‌కి కూడా ఇవే మాటలు చదువుతాం, ఆయన మర్నాడు వెళ్ళి మళ్ళీ నామినేషన్ వేస్తాడు. అక్కడ మాత్రం ఆ మాటలు వింటూ జనం టోపీలు తీశారు. ఎంత మర్యాదస్తులు అనుకున్నాను.

గడియారం చేతికి ఇచ్చినప్పుడు ఆయన దాన్ని చాలాసేపు చూశారు. ఆ తర్వాత నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, మైకులో పడకుండా నెమ్మదిగా అడిగారు.

"ప్రసాద్, ఇది ఎవరి ఆలోచన? నీదా, వాళ్ళదా?"

అసలు దెబ్బ ఇక్కడ పడింది. శాలువా, దండ, గడియారం వీటన్నిటి నుంచీ ఆయన తేరుకునేవారే. నిజం ఒక్క ముక్కలో ఉంది: నాది సార్, పూర్తిగా నాది, ఎవరికీ సంబంధం లేదు. కానీ మనం ఎక్కడన్నా అలా అంటామా? నాది అని చెప్పుకోవడం ఎంత అసహ్యంగా ఉంటుంది? పెళ్ళి చేసినా, గుడి కట్టినా, చివరికి ఫొటోలో నిలబడినా, నాదేం లేదండీ అంతా అందరి సహకారం అనే కదా నేర్చుకున్నాం. నేను వినయంగా చేతులు కట్టుకుని, ఆ నేర్చుకున్నదే చెప్పాను.

"నాదేం లేదు సార్. అందరిదీ. మీ కమిటీ, సభ్యులు, అందరూ కోరుకున్నారు. నేను నిమిత్తమాత్రుణ్ణి."

"అందరూనా?"

"అందరూ సార్. ఒక్కరు కూడా కాదనలేదు."

ఆయన తలూపారు. లేచి నిలబడి, అందరికీ థాంక్స్ చెప్పారు. ఒక్క వాక్యమే చెప్పారు. నాకది కొంచెం వెలితిగా అనిపించింది.

తర్వాత జనం వరస కట్టి ఆయనతో చెయ్యి కలిపారు. "శభాష్ నోయెల్, నీకు తగిన గౌరవం." "ఇక తోటపని చూసుకుంటావా?" "స్పెయిన్ వెళ్ళి ఎండలో కూర్చో నాయనా." ఒక ముసలావిడ ఆయన్ని పట్టుకుని ఏడ్చింది. నేను ఇవన్నీ ఆశీర్వచనాలే అనుకున్నాను. మాధవి నా మోచెయ్యి పట్టుకుని లాగింది.

"ఏవండీ, వీళ్ళ వరస చూస్తే పరామర్శకొచ్చినట్టు లేదూ?"

"నీకు తెలీదు, ఊరుకో. వాళ్ళ పద్ధతి అంతే."

"పోనీ ఆయన మొహం చూడండి."

చూశాను. కానీ అప్పటికి ఫొటోలు తీసుకునే వేళయింది.

పదిహేను నిమిషాల విరామం నలభై నిమిషాలైంది. జల్లులో నిలబడి నిలబడి మన పోస్ట్‌మాన్‌కి పిక్క పట్టేసింది. రెండో సగంలో అవతలి జట్టు మూడు గోల్స్ కొట్టింది. ఆ గోల్స్ పడుతున్నంతసేపూ నోయెల్ గారు ఎప్పుడూ నిలబడే కంచె దగ్గర కాకుండా, మేం తీయడం మర్చిపోయిన బంగారు కుర్చీని గీతల బయటికి లాక్కుని, దాని పక్కన నిలబడి చూశారు. మ్యాచ్ అయ్యాక వలలు విప్పడానికి వెళ్తే, "వదిలేయ్ నోయెల్, మేం చూసుకుంటాం," అన్నాడు డెక్లన్. నేను కూడా, "అవును సార్, మీరు విశ్రాంతి తీసుకోండి," అన్నాను.

మూడు వారాల తర్వాత వార్షిక సమావేశం. అసలు పోటీయే జరగలేదు. నోయెల్ గారు పేరు ఇవ్వలేదు. ఇక చాలు అని నాలుగు ముక్కల ఉత్తరం పంపించి సమావేశానికే రాలేదట. డెక్లన్ ఏకగ్రీవం. ఈ కబురు నాకు తెలిసింది డెక్లన్ పంపిన ఇంకో ఉత్తరంలో. మా సంఘం అంటే క్లబ్బుకి ఎంతో గౌరవమనీ, మా సంస్కృతి చూసి అందరూ ముగ్ధులయ్యారనీ, జనవరి నుంచి హాల్లో జిమ్ పని మొదలవుతుంది కాబట్టి మా గిన్నెలు తీసుకెళ్ళమనీ రాశాడు.

డాక్టరు గారికి ఫోన్ చేశాను.

"గట్లెట్లయితదయ్యా? అంత మంచిగ సన్మానం జేస్తే?" అన్నారు. మళ్ళీ ఆయనే, "నా స్పీచ్ ఏమన్న తక్కువయిందా?" అన్నారు.

"ఎక్కువైందండీ."

"మొత్తం నా మీదికి తోస్తున్నవా? మరి పత్రమెవరు రాసిండ్రు?" అని ఆయన ఫోన్ పెట్టేశారు. ఆయన మళ్ళీ నాతో సరిగ్గా మాట్లాడడానికి ఉగాది దాకా పట్టింది. ఆ ఉగాది మా ఇంటి హాల్లోనే చేశాం, నలభై కుటుంబాల్లో పన్నెండు పట్టాయి.

డెక్లన్ ఉత్తరం వచ్చిన మరుసటి ఆదివారం నోయెల్ గారి ఇంటికి వెళ్ళాను. ఒక్కణ్ణే వెళ్ళాను. మైదానానికి రెండు పొలాల అవతలే ఆయన ఇల్లు. ఆదివారం పదకొండింటికి ఆయన ఇంట్లో ఉండడం నేను అదే మొదటిసారి చూడడం. కోటు వేసుకుని, బూట్లు కట్టుకుని, వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి, ప్రెస్ తెరిచి రెండు కప్పులు తీశారు. అక్కడ అలమరాని ప్రెస్ అంటారు. టీ పోస్తుండగా పొలాల మీదుగా రిఫరీ ఈల వినిపించింది. ఆయన చెయ్యి ఆగింది, మళ్ళీ పోశారు.

"మీరు నిలబడి ఉంటే గెలిచేవారు కదా సార్?" అన్నాను.

"గెలిచేవాణ్ణి. డెక్లన్ ఒక్కడే అయితే పోరాడేవాణ్ణి. అందరూ వద్దనుకుంటున్నప్పుడు పట్టుకు వేలాడ్డం సిగ్గుచేటు కదా. వాళ్ళు నా మొహం మీద చెప్పలేక నీ చేత చెప్పించారు. నీ తప్పేం లేదులే. మర్యాదగానే చెప్పావు."

టీ ఒక గుక్క తాగాను, నోరు కాలింది. ఇంక దాచలేక మొత్తం చెప్పాను. ఆలోచన నాదేననీ, డెక్లన్‌కి తప్ప సభ్యుల్లో ఒక్కరికి కూడా ముందు తెలియదనీ, మా దగ్గర సన్మానం చేసేది మనిషిని ఉంచడానికేననీ, మీరు గెలవాలనే చేశాననీ, అందరిదీ అన్నది మా మర్యాద మాటేననీ చెప్పుకుపోయాను. నేను చెప్పే కొద్దీ ఆయన మొహం తేటపడుతుందని ఆశించాను. మరీ వాడిపోయింది.

"అయితే ఎవరూ నన్ను పొమ్మనలేదు," అన్నారు.

"ఎవరూ అనలేదు సార్."

"నేనే వచ్చేశాను."

ఆయన టీ కప్పు పక్కకి జరిపారు.

"ప్రసాద్, క్లబ్బు వద్దనుకుంది కాబట్టి వచ్చేశానని మనసుకి సర్దిచెప్పుకున్నాను. మూడు వారాలు పట్టింది సర్దుకోవడానికి. నువ్వు చెబితే సమావేశానికి ముందు చెప్పాల్సింది. లేకపోతే అసలు చెప్పకుండా ఉండాల్సింది," అన్నారు. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది. తలుపు దాకా వచ్చి సాగనంపారు. "జాగ్రత్తగా వెళ్ళు, రోడ్డు జారుతుంది," అన్నారు. ఆ తర్వాత ఆయన నాకు ఫోన్ చేయలేదు. నేను చేస్తే, బాగున్నాను, గ్రాండ్, అని పెట్టేసేవారు. ఎన్నిస్ బజార్లో ఇప్పటికీ కనిపిస్తుంటారు. తల ఊపుతారు, వాతావరణం గురించి మాట్లాడతారు.

నేను మళ్ళీ ఆ మైదానానికి వెళ్ళలేదు. కానీ మరుసటి ఏడు వసంతంలో ఒక్కసారి, మిగిలిపోయిన పెద్ద గుండిగ ఒకటి ఉంటే తెచ్చుకోవడానికి వెళ్ళాల్సి వచ్చింది. కారు దిగానో లేదో చైర్మన్ డెక్లన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. కుశలప్రశ్నలు వేశాడు, డాక్టరు గారిని అడిగాడు, గుండిగ తనే మోసి డిక్కీలో పెట్టాడు. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అదిగో, ఆ మూల గడ్డి కోస్తున్నాడే, టామ్. ఇరవై రెండేళ్ళ నుంచి ఆ మిషన్ తాళం ఎవరికీ ఇవ్వడు. చెప్పి చూశాం, ఉత్తరం రాశాం, వినడం లేదు. మీ వాళ్ళకి వీలైతే, ఒక ఆదివారం వచ్చి అతనికి కూడా గౌరవం చేస్తారా? కుర్చీ ఉంటే బాగుంటుంది."

టామ్ దూరం నుంచి మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. నేను చెయ్యి ఊపకుండా కారెక్కి తలుపు వేసుకున్నాను. మళ్ళీ దాన్ని ఏమనుకుంటాడోనని భయం వేసింది.

కాబట్టి యావన్మంది బంధుమిత్రులకూ, తెలుగు సంఘాల వారికీ, ఫుట్‌బాల్ క్లబ్బుల వారికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: సదరు ప్రసాద్ అనబడే నేను, ఇకపై ఊపిరి ఉన్న ఏ మనిషి భుజాల మీదా శాలువా కప్పను. ఆ మనిషికి చలిగా ఉంటే నా కోటు విప్పి ఇస్తాను. ఎవరి చేతికీ గడియారం ఇవ్వను, టైము అడిగితే నోటితో చెబుతాను. ఇక ఈ పని ఎవరిదని ఎవరు అడిగినా, మర్యాద మంటగలిసినా సరే, నాదేనని చెబుతాను. ఇదంతా నేనే చేశాను, ఇందులో ఎవరి సహకారమూ లేదు.